ఇంగ్లండు పార్లమెంటు - ప్రజాప్రాతినిధ్యము

ప్రతినిధి యనగా నొకని స్థానమున నిలిచి యతని పక్షమున మాటలాడువాడు. ఊరిలో తగవు పుట్టినపుడు ప్రతివాడును నోరు విప్పినయెడల నెవ్వరి మాటయు వినబడదు. కావున నిద్దఱు పెద్దలను ముందు నిలిపి వారి ముఖమున మాటలాడింతురు. ఒక గ్రామములో నిది సులభమే. లక్షలకొలది జనులు గల దేశములో నిది యెట్లు జరుగవలెను? ఎవరు ఎవరిని పంపవలెను? పంపబడినవాడు తన మాట చెప్పవలెనా, పంపినవారి మాట చెప్పవలెనా? పంపుటకు హక్కే లేనివారి మాట యేమి కావలెను? ఈ ప్రశ్నలకు ఇంగ్లండు దేశస్థులు ఇంచుమించు ఏడువందల సంవత్సరములు ప్రత్యుత్తరము వెదకిరి. మన లోకసభయు, శాసనసభలును ఆ దేశపు సభనుండి యనేక పద్ధతులను గ్రహించినవి. కావున ఆ సభ యెట్లు పుట్టి యెట్లు పెరిగినదో, అందులో నెవరికి ఎప్పుడు చోటు దొరకినదో మన విద్యార్థులు తెలిసికొనుట యుక్తము.

సభ పుట్టుక

పార్లమెంటు అను మాట ఫ్రెంచి భాషలో మాటలాడుట అను నర్థము గల పదమునుండి పుట్టినది. ఆ పేరు రాకమునుపే ఇంగ్లండులో రాజునకు ఆలోచన చెప్పు సభ యొకటి యుండెను. ఆంగ్లో-సాక్సను రాజుల కాలమున బిషప్పులును, పెద్ద భూస్వాములును అందు కూర్చుండెడివారు. 1066 వ సంవత్సరమున నార్మండీ ప్రభువైన విలియము ఆ దేశమును జయించిన పిమ్మట గూడ, రాజు తనవలన భూములు పొందిన ప్రభువులను పిలిపించి యాలోచన యడుగుచుండెను. కాని ఆ సభలలో ప్రజలచే పంపబడినవాడు ఒక్కడును లేడు. వచ్చిన ప్రతివాడును తన కొఱకు తానే వచ్చెడివాడు.

జాను అను రాజు ఫ్రాన్సుతో యుద్ధము చేసి యోడిపోయి, ధనమునకై ప్రభువులను పీడించెను. వారు తిరుగబడి 1215 వ సంవత్సరము జూను నెలలో థేమ్సు నది యొడ్డున రన్నీమీడ్ అను పచ్చికబయలులో రాజుచేత నొక పత్రమునకు ముద్ర వేయించిరి. అదియే మాగ్నా కార్టా యని ప్రసిద్ధికెక్కినది. రాజ్యముయొక్క యుమ్మడి యాలోచన లేక కొన్ని విధములైన పన్నులు వేయరాదని అందొక షరతు. తనతోడివారి తీర్పువలన గాని, దేశపు న్యాయమువలన గాని తప్ప ఏ స్వతంత్రుని చెఱసాలలో వేయరాదని మఱియొక షరతు. ఈ పత్రమును వ్రాయించినవారు సామాన్య జనులను తలచి వ్రాయించినవారు కారు. తమ భూములను, తమ ధనమును కాపాడుకొనుటకే వ్రాయించుకొనిరి. ఆనాటి పల్లెలలో భూస్వామి పొలము విడిచిపోరాని వెట్టివారు అనేకులుండిరి. స్వతంత్రుడు అను మాటలో వారు చేరినవారు కారు. అయినను వ్రాతలో పడిన న్యాయమును ఆ గడిలోనే నిలుపుట యెవ్వరి తరమును కాలేదు. తరువాతి కాలమున ఆ మాటనే పట్టుకొని ఇతరులును తమ హక్కు నడిగిరి.

జాను కుమారుడైన మూడవ హెన్రీ కాలమున ప్రతినిధి యనువాడు మొదట కనబడుచున్నాడు. 1254 వ సంవత్సరమున యుద్ధవ్యయమునకు ధనము కావలసివచ్చి, ప్రతి జిల్లానుండి నైట్లు అనబడు చిన్న భూస్వాములను ఇద్దఱిని పంపవలసినదని యాజ్ఞాపత్రములు వెళ్ళెను. 1265 వ సంవత్సరము జనవరిలో, రాజుతో పోరాడి గెలిచిన సైమన్ డి మాంట్ ఫర్ట్ అను ప్రభువు, జిల్లాకు ఇద్దఱు నైట్లతో పాటు కొన్ని పట్టణములనుండి ఇద్దఱేసి పురవాసులను గూడ పిలిపించెను. వర్తకులును, చేతిపనివారును నివసించు పట్టణములకు దేశపు సభలో స్థానము దొరకిన దిప్పుడే. ఆ సంవత్సరమే ఈవ్ షామ్ యుద్ధములో సైమను హతుడయ్యెను. కాని యతడు వేసిన బాట చెడలేదు. అతనిని జయించిన మొదటి ఎడ్వర్డే రాజైన పిమ్మట 1295 లో జిల్లాల ప్రతినిధులను, పట్టణముల ప్రతినిధులను, మతగురువులను, ప్రభువులను కలిపి యొక గొప్ప సభ కూర్చెను. అందఱకును తగులు సంగతిని అందఱును సమ్మతింపవలెనను సూత్రమును ఆనాటి యాజ్ఞాపత్రములందు వ్రాయించెను.

ఆ కాలమున సభకు పోవుట గౌరవమని యందఱును తలంపలేదు. త్రోవలు చెడ్డవి, దొంగల భయము మెండు. ప్రతినిధి భత్యమును పంపినవారే యిచ్చుకొనవలెను. నైటునకు దినమునకు నాలుగు షిల్లింగులు, పురవాసికి రెండు. ఈ వ్యయమునకు వెఱచి తమ్ము పిలువవలదని వేడుకొన్న పట్టణములును కలవు. నేడు మనము హక్కు అని చెప్పుకొనునది మొదట పన్నుతో కూడిన బరువుగా కనబడినది.

ఇచట నొక మాటయొక్క యర్థము గమనింపదగియున్నది. జిల్లాల ప్రతినిధులును పట్టణముల ప్రతినిధులును ప్రభువులనుండి విడివడి వేఱుగా కూర్చుండ నారంభించినపుడు వారి సభకు కామన్సు అను పేరు కలిగెను. దీనికి సామాన్య జనులు అని యర్థము చెప్పుట వాడుక. కాని మొదట నది సముదాయములు అను నర్థముతో పుట్టినది. ప్రతి జిల్లాయు నొక సముదాయము, ప్రతి పట్టణమును నొక సముదాయము. సభ్యుడు ఆ సముదాయముయొక్క నోరు. సముదాయములో నెంతమంది మనుష్యులున్నారని యెవ్వరును లెక్కించలేదు. ఈ లెక్క లేకపోవుటవలన పుట్టిన చిక్కులను ముందు చూతము.

ధనము, విన్నపము

రాజునకు ధనము కావలెను. ప్రజలకు తమ బాధలు తీరవలెను. ఈ రెంటి బేరమునుండియే కామన్సు సభయొక్క బలము పుట్టినది. ప్రతినిధులు వచ్చునపుడు ఒక చేతిలో తమ యూరివారి విన్నపములు తెచ్చెడివారు. మా బాధలు విన్న పిదప మీ పన్ను సంగతి చూతమని వారు చెప్ప నేర్చుకొనిరి. ఆ విన్నపములే క్రమముగా చట్టముల రూపము నొందెను. నేటికిని చట్టపు ముసాయిదాను బిల్లు అందుము. నేటికిని పన్నులకు, వ్యయమునకు సంబంధించిన బిల్లులు మొదట కామన్సు సభలోనే పుట్టవలెను. మన దేశమునందును ద్రవ్య బిల్లులు లోకసభలోనే ప్రవేశపెట్టబడునను నియమము దీని సంతానమే.

సభవారి మాటను రాజునకు విన్నవించువాని కొఱకు ఒక యుద్యోగము ఏర్పడెను. అతడే స్పీకరు, అనగా మాటలాడువాడు. నేడు స్పీకరు సభలో ఇతరులను మాటలాడనిచ్చువాడే గాని తాను చర్చలో పాల్గొనువాడు కాడు. మఱి ఆ పేరేల? రాజు నెదుట సభ పక్షమున మాటలాడువాడు గనుక. అది ప్రమాదకరమైన కొలువు. 1376 వ సంవత్సరమున పీటర్ డి లా మేర్ అను సభ్యుడు కామన్సు పక్షమున నిలిచి, రాజు కొలువులోనివారి లంచగొండితనమును బయలుపెట్టి, అటుపిమ్మట చెఱసాల పాలయ్యెను. క్రొత్తగా ఎన్నికైన స్పీకరును తోటి సభ్యులు చేతులు పట్టి ఆసనమునొద్దకు లాగికొనిపోవు ఆచారము నేటికిని ఆ సభలో వినోదముగా సాగుచున్నది. ఆ కొలువునకు పూర్వమున్న భయమును అది జ్ఞాపకము చేయుచున్నది.

రాజు వాకిలి దాటిన దినము

స్టూవర్టు వంశపు రాజులు తమ యధికారము దేవునివలన కలిగినదే గాని ప్రజలవలన కలిగినది కాదని వాదించిరి. మొదటి చార్లెసు 1629 మొదలుకొని పదునొకండు సంవత్సరములు పార్లమెంటును పిలువకయే పరిపాలించెను. ధనము చాలక 1640 లో పిలువవలసివచ్చెను. సభవారు మొదట తమ బాధలనే యెత్తికొనిరి.

1642 వ సంవత్సరము జనవరి 4 వ తేదీన రాజు సాయుధులైన భటులను వెంటబెట్టుకొని కామన్సు సభలోనికి స్వయముగా ప్రవేశించెను. తన్నెదిరించిన ఐదుగురు సభ్యులను పట్టుకొనుట యతని యుద్దేశము. ముందే వర్తమానము తెలిసి వారు పడవమీద దాటిపోయిరి. రాజు స్పీకరు ఆసనమునొద్దకు పోయి, వారెక్కడనున్నారని యడిగెను. స్పీకరు విలియం లెంథాల్ మోకాళ్ళూని, ఈ సభ యాజ్ఞ లేనిదే ఇచట తనకు చూచుటకు కన్నులును లేవు, పలుకుటకు నాలుకయు లేదని మనవి చేసెను. లెంథాలు మహావీరుడని చరిత్రకారులు చెప్పరు. కాని ఆనాడు మోకాళ్ళమీద నున్నవాడు గెలిచెను. నిలుచున్న రాజు వట్టి చేతులతో వెడలిపోయెను. నాటినుండి నేటివఱకు ఇంగ్లండు రాజుగాని రాణిగాని కామన్సు సభలో అడుగుపెట్టలేదు. సభారంభోత్సవ దినమున రాజదూత వచ్చునపుడు వాని ముఖముమీదనే తలుపు మూయుదురు. అతడు తన దండముతో మూడుమారులు తట్టిన పిమ్మటనే తెఱతురు.

అటుపిమ్మట అంతఃకలహము సంభవించెను. 1649 లో చార్లెసు శిరచ్ఛేదము పొందెను. రాజును తొలగించిన క్రామ్వెల్ 1653 లో మిగిలిన సభ్యులను సైనికులచేత వెడలగొట్టెను. అనగా పార్లమెంటునకు రాజువలననే గాక, దాని పేర యుద్ధము చేసిన సేనాధిపతివలనను అపాయము కలదని తేలినది. 1660 లో రాజరికము మరల వచ్చెను. 1688 లో రెండవ జేమ్సు దేశము విడిచి పారిపోగా, 1689 లో హక్కుల చట్టము వెలసెను. పార్లమెంటు సమ్మతి లేక రాజు చట్టములను నిలుపరాదు, పన్ను వేయరాదు, శాంతికాలమున సైన్యము నుంచరాదు. సభ్యుల యెన్నిక స్వేచ్ఛగా జరుగవలెను. సభలో పలికిన మాటకు బయటి న్యాయస్థానములో విచారణ యుండరాదు. ఇవి దాని ముఖ్యాంశములు. 1708 తరువాత ఏ రాజును, ఏ రాణియు పార్లమెంటు అంగీకరించిన బిల్లును త్రోసివేయలేదు.

పంపినవారెవరు?

రాజు నోడించిన సభ ప్రజలసభ యని మనము తలంతుము. అది పొరపాటు. కామన్సు సభ సముదాయముల సభ యని పైన చెప్పితిని. సముదాయములు కాలక్రమమున మాఱెను, సభ మాఱలేదు. ఓల్డు సేరమ్ అను పట్టణము మధ్యయుగములోనే పాడుపడి గుట్టగా మిగిలెను. అయినను పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లవఱకు అది ఇద్దఱు సభ్యులను పంపుచుండెను. ఓటర్లను చేతివ్రేళ్ళతో లెక్కింపవచ్చును. డనిచ్ అను రేవుపట్టణములో పెద్దభాగమును సముద్రము మ్రింగివేసెను. మిగిలిన కొద్దిపాటి పల్లెకును ఇద్దఱు సభ్యులే. కాగా యంత్రశాలలతో నిండి, లక్షకు మించిన జనముతో క్రిక్కిఱిసిన మాంచెస్టరునకు తన సభ్యుడొక్కడును లేడు. బర్మింగుహాము స్థితియు నట్టిదే. పైగా ఓటు బహిరంగముగా, అందఱును వినునట్లు చెప్పవలెను. భూస్వామి యెదుట నతని కౌలుదారుడు ఇతరునకు ఓటు చెప్పుట యెట్లు?

దీనిని సమర్థించినవారు లేకపోలేదు. మాంచెస్టరునకు సభ్యుడు లేకున్నను, సభలోనివారందఱును దేశమంతటికిని ప్రతినిధులే గనుక ఆ యూరు పరోక్షముగా ప్రాతినిధ్యము పొందుచున్నదని వారు వాదించిరి. 1765 లో అమెరికా వలసలపై స్టాంపు పన్ను విధించినపుడును ఈ వాదమే వినబడెను. సముద్రమున కావలనున్న వలసవారు దాని నంగీకరింపలేదు. తమ ప్రతినిధి లేని సభ తమపై పన్ను వేయరాదనిరి. అది యింగ్లండు వారియొద్దనే వారు నేర్చుకొన్న పాఠము. ఆ కలహము 1776 లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు దారితీసెను.

ప్రతినిధి యెవరి మాట చెప్పవలెనను ప్రశ్నయు నా కాలముననే పుట్టెను. 1774 లో బ్రిస్టలు పట్టణమువారు ఎడ్మండు బర్కును ఎన్నుకొనిరి. అతడు వారితో, ప్రతినిధి తన శ్రమనే గాక తన వివేచననుగూడ ఓటర్లకు అర్పింపవలెననియు, వారి యభిప్రాయమునకు దానిని బలియిచ్చినచో వారికి ద్రోహము చేసినవాడగుననియు స్పష్టముగా చెప్పెను. చెప్పినట్లే నడచెను. బ్రిస్టలు వర్తకులకు నష్టమని తోచినను ఐర్లండు వర్తకమునకు స్వేచ్ఛ నియ్యవలెనని వాదించెను. రోమను కతోలికుల బాధలు తగ్గింపవలెననెను. 1780 లో తనకు ఓట్లు రావని కనుగొని పోటీనుండి తొలగిపోయెను. బర్కు సిద్ధాంతము గొప్పదే. అయినను తన్ను సాగనంపు హక్కు ఓటర్లకు కలదని యతడును ఒప్పుకొన్నాడని మఱవరాదు. వివేచనతో నడచుట ప్రతినిధి ధర్మము. ఆ వివేచన నచ్చనపుడు మాఱుమనిషిని పంపుట ప్రజల ధర్మము.

మఱి పంపుటకే హక్కు లేనివారి మాట యేమి? బానిస వర్తకముతో ధనము గడించిన లివర్పూలు పట్టణమునకు సభలో సభ్యులుండిరి. ఆ ఓడల యడుగున గొలుసులతో కట్టబడిన ఆఫ్రికా జనులకు సభ్యుడు లేడు. యార్కుషైరు సభ్యుడైన విలియం విల్బర్ ఫోర్సు 1789 లో వారి పక్షమున సభలో లేచి నిలిచెను. 1791 లో ఓడిపోయెను. పలుమారు లోడిపోయి, పదునెనిమిది సంవత్సరములు పట్టు విడువక, 1807 లో ఆ వర్తకమును నిషేధింపజేసెను.

అదే సభ మన దేశమునకును చట్టములు చేయుచుండెను. లండన్ మిషనువారు 1805 లో విశాఖపట్టణమున పని యారంభించిరి. కాని ఈస్టిండియా కంపెనీవారు మిషనరీల రాకను ఇష్టపడకుండిరి. 1813 లో కంపెనీ పట్టా పునర్విచారణకు వచ్చినపుడు, ఇంగ్లండులోని గుడులనుండి వందలకొలది విన్నపములు పార్లమెంటునకు చేరెను. వానిలో సంతకము చేసినవారిలో అనేకులకు ఓటు లేదు. ఆ సంవత్సరపు చట్టము మిషనరీలకు దారి తెఱచెను. ఈ దేశమున విద్యకొఱకు సంవత్సరమునకు లక్ష రూపాయలు ప్రత్యేకింపవలెనని విధించెను. మిషను పాఠశాలలో చదువు మనకు ఈ చట్టము సంతోషకరమే. అయినను నిజము చెప్పవలెను: ఆ చర్చలో ఇండియా ప్రజలనుగూర్చి యందఱును మాటలాడిరి గాని, వారు పంపిన ప్రతినిధి యొక్కడును లేడు. ఇతరుల దయ యెంత గొప్పదైనను అది ప్రాతినిధ్యము కాదు.

తలుపులు తెఱచుకొనుట

1819 ఆగస్టు 16 వ తేదీన మాంచెస్టరులోని సెయింటు పీటరు మైదానమున, తమకు ఓటు కావలెనని కోరుచు ఇంచుమించు అరువదివేలమంది స్త్రీపురుషులు కూడిరి. ఆయుధములు లేని ఆ జనముమీదికి అధికారులు కత్తులు దూసిన గుఱ్ఱపుదళమును పంపిరి. పదునైదుగురికి తక్కువకాకుండ మరణించిరి; వందలకొలది గాయపడిరి. ఇట్టి సంఘటనల పిమ్మట 1832 లో గొప్ప సంస్కరణ చట్టము నెగ్గెను. ఏబదియాఱు పాడుపట్టణముల ప్రాతినిధ్యము రద్దయి, మాంచెస్టరు, బర్మింగుహాము, లీడ్సు మొదలగు పట్టణములకు సభ్యులు లభించిరి. అయినను ఇంగ్లండులోను వేల్సులోను వయస్సు వచ్చిన పురుషులలో ఐదింట నొక వంతునకు మించి ఓటు రాలేదు. ఓటరు పురుషుడై యుండవలెనని చట్టములో మొదటిసారి స్పష్టముగా వ్రాయబడినదియు నిప్పుడే.

సంస్కరింపబడిన సభ మఱుసటి యేటనే, అనగా 1833 లో, బ్రిటిషు రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు చట్టము చేసెను. ఆ బిల్లు కామన్సు సభలో గట్టెక్కినదని వినిన కొన్ని దినములకే విల్బర్ ఫోర్సు కన్నుమూసెను. సభలోనికి క్రొత్తవారు వచ్చినచో చట్టములు మాఱుననుటకు నిది దృష్టాంతము. కాని ఆ చట్టమే బానిసల యజమానులకు రెండుకోట్ల పౌనుల నష్టపరిహార మిచ్చెను. బానిసలుగా నున్నవారికి ఒక్క పెన్నీయు నియ్యలేదు. ఎవరికి సభలో నోరుండెనో వారికే పరిహారము దక్కెను.

1838 నుండి చార్టిస్టులు అనబడిన శ్రమజీవులు ఆఱు కోరికలతో ఉద్యమించిరి: పురుషులందఱికిని ఓటు, రహస్యముగా ఓటు వేయుట, సభ్యత్వమునకు ఆస్తి నియమము తీసివేయుట, సభ్యులకు జీతము, సమానమైన నియోజకవర్గములు, ఏటేట ఎన్నిక. 1842 లో వారు సమర్పించిన విన్నపముమీద ముప్పదిలక్షలకు మించిన సంతకములుండెను. సభ దానిని త్రోసివేసెను. అయినను కాలము వారి పక్షముననే తీర్పు చెప్పెను. ఆస్తి నియమము 1858 లో పోయెను. 1867 లో పట్టణపు కార్మికులలో అనేకులకును, 1884 లో పల్లెటూరి కూలీలలో అనేకులకును ఓటు వచ్చెను. 1872 లో రహస్యపు ఓటు ఏర్పడెను. 1911 లో సభ్యులకు ఏటికి నాలుగువందల పౌనుల జీతము నిర్ణయింపబడెను; అంతవఱకు ధనవంతుడు గాని, ధనవంతుని పోషణలోనివాడు గాని తప్ప సభలో కూర్చుండుట దుర్లభము. ఏటేట ఎన్నిక యనునది తప్ప తక్కినవన్నియు నెఱవేఱినవి.

మతముయొక్క అడ్డుగోడలును ఒకటొకటిగా కూలెను. 1829 లో రోమను కతోలికులకు సభాప్రవేశము లభించెను. యూదుడైన లయొనెల్ రాత్ షైల్డు 1847 లో ఎన్నికయ్యును, క్రైస్తవ ప్రమాణము చేయజాలక, 1858 వఱకు సభవెలుపలనే నిలిచెను. అన్ని యేండ్లును అతని ఓటర్లు అతనినే మరల మరల ఎన్నుకొనిరి. క్రైస్తవులమైన మనము ఈ సంగతిని ప్రత్యేకముగా ఆలోచింపవలెను. మనము అధికులమైన చోట ఇతరులకు తలుపు మూయుటయు, మనము అల్పసంఖ్యాకులమైన చోట తలుపు తెఱువుడని కోరుటయు న్యాయము కాదు.

ఇక స్త్రీల సంగతి. 1866 లో స్త్రీల సంతకములతో నొక విన్నపము సభకు చేరెను. 1867 లో జాను స్టూవర్టు మిల్లు వారి పక్షమున సవరణ తెచ్చి యోడిపోయెను. ఏబది సంవత్సరముల ప్రయాసము పిమ్మట 1918 లో ముప్పది యేండ్లు నిండి, కొన్ని ఆస్తి నియమములకు లోబడిన స్త్రీలకు ఓటు వచ్చెను. ఆ సంవత్సరమే ఇరువదియొక్క యేండ్లు నిండిన పురుషుల కందఱకును వచ్చెను. స్త్రీపురుషులకు సమానముగా ఓటు వచ్చినది 1928 లో. విశ్వవిద్యాలయ పట్టభద్రులకును, వర్తకశాలలు గలవారికిని ఉండిన రెండవ ఓటు 1948 నాటి చట్టముతో రద్దయ్యెను. సముదాయముల సభగా పుట్టినది మనుష్యుల సభ యగుటకు, మనిషికొక ఓటు అను లెక్క కుదురుటకు ఇంతకాలము పట్టెను.

ప్రభువుల సభ మాత్రము ఎన్నిక లేనిదిగానే యుండెను. 1909 లో వారు ఆదాయవ్యయ పట్టికను త్రోసివేయగా గొప్ప వివాదము పుట్టి, 1911 లో వారి యధికారమునకు హద్దు ఏర్పడెను. ద్రవ్య బిల్లును వారు ఒక నెలకు మించి నిలుపజాలరు. ఇతర బిల్లులను నిలుపు కాలము రెండేండ్లకును, 1949 లో ఒక యేటికిని తగ్గెను. 1999 లో వంశక్రమమున వచ్చు ప్రభువులలో పెక్కుమంది ఆ సభలోని స్థానములను కోల్పోయిరి.

సభామందిరము

ఆ సభ కూర్చుండు తీరునుగూర్చి కొంచెము చెప్పెదను. పదునాఱవ శతాబ్దినుండి కామన్సు సభ వెస్టుమినిష్టరు నగరులోని సెయింటు స్టీఫెను దేవాలయములో కూడెను. గాయకబృందము ఎదురెదురుగా కూర్చుండు బల్లలమీదనే సభ్యులును ఎదురెదురుగా కూర్చుండిరి. ప్రభుత్వపక్షము ఒక వంక, ప్రతిపక్షము ఎదుటి వంక కూర్చుండు పద్ధతి దీనివలన స్థిరపడెను. 1834 అక్టోబరులో, పూర్వము పద్దులు లెక్కించుటకు వాడిన గంట్లుపెట్టిన పాతకఱ్ఱలను పొయ్యిలో కాల్చుచుండగా నిప్పంటుకొని నగరు తగులబడెను. క్రొత్తగా కట్టిన మందిరము 1941 మేనెలలో బాంబులచేత ధ్వంసమయ్యెను. 1950 లో దానిని పూర్వపు రూపముననే మరల కట్టి తెఱచిరి. సభ్యులు ఆఱువందలకు మించియున్నను ఆసనములు నాలుగువందల పైచిల్లరయే. ఓటు వేయునపుడు అవును అనువారు ఒక నడవలోనికి, కాదు అనువారు వేఱొక నడవలోనికి నడచిపోదురు. తాను ఎవరి ప్రక్కన నడచెనో ప్రతి సభ్యుడును అందఱియెదుట ఒప్పుకొనవలెను.

మన దేశమునకు వచ్చిన పాఠము

1892 లో దాదాభాయి నౌరోజీ లండనులోని సెంట్రల్ ఫిన్స్ బరీ నియోజకవర్గమునుండి మిక్కిలి స్వల్పమైన ఆధిక్యముతో కామన్సు సభకు ఎన్నికయ్యెను. అతనికి ఓటు వేసినవారు లండను పౌరులు. అతడు మాటలాడినది మాత్రము తన్ను ఎన్నుకొను హక్కులేని కోట్లకొలది భారతీయుల పక్షమునగూడ. పార్సీ యగుటచే తన మతగ్రంథము చేతబూని ప్రమాణము చేసెను. రాత్ షైల్డు వెలుపల నిలిచిన పదునొకండు సంవత్సరములే ఇతనికి ఆ దారి తెఱచినవని చెప్పవచ్చును.

స్వతంత్ర భారతదేశ రాజ్యాంగము 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చెను. 1951-52 లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీపురుషులందఱకును, చదువు, ఆస్తి, కులము, మతము అను భేదము లేక, ఒక్కమాఱుగా ఓటు లభించెను. ఇంగ్లండులో 1832 నుండి 1928 వఱకు తొంబదియాఱు సంవత్సరములు పట్టిన పని మనకు మొదటి మెట్టుననే నెఱవేఱెను. మన రాజ్యాంగము మొదట వ్రాయబడినపుడు, సభ్యుల ప్రత్యేకహక్కులు కామన్సు సభవారి హక్కులవంటివే యని 105 వ అధికరణములో పేర్కొనబడెను. 1978 నాటి సవరణతో ఆ పేరు తొలగింపబడెను. స్పీకరు ఏ పక్షమునకును చెందరాదను ఆంగ్లేయ సంప్రదాయమును తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి 1967 లో లోకసభ స్పీకరుగా ఎన్నికైనపుడు పాటించి, తన పార్టీ సభ్యత్వమును వదలుకొనెను. అనంతపురము జిల్లాలో పుట్టిన ఈయన తరువాత రాష్ట్రపతియు నయ్యెను. 1988 నాటి సవరణచే మన దేశమున ఓటు వయస్సు పదునెనిమిది యేండ్లకు తగ్గెను. కావున ఈ పత్రికను చదువు పై తరగతుల విద్యార్థులు కొలది కాలములోనే ఓటర్లగుదురు.

విద్యార్థులారా, ఓటు వేయుటతో మన పని తీరదు. పంపినవానిని ప్రశ్నింపవలెను, ప్రశ్నించుటకు సంగతి తెలిసియుండవలెను, తెలియుటకు చదువవలెను. మీ తరగతి నాయకుని ఎన్నుకొనునపుడుగూడ, ఇతడు నా స్నేహితుడా యని గాక, వెనుక బల్లమీద కూర్చుండి నోరు విప్పని పిల్లవాని బాధను ఇతడు ఉపాధ్యాయునియొద్ద చెప్పగలడా యని ఆలోచింపుడు. సామెతల గ్రంథములో లెమూయేలు రాజునకు అతని తల్లి బోధించినది ఈ ధర్మమునే: తమకొఱకు తాము మాటలాడుకొనలేని వారి న్యాయము నిమిత్తము మాటలాడుట. తలిదండ్రులారా, మీ యింటిలో ఎన్నికల మాట వచ్చినపుడు, పిల్లలు వినుచున్నారని యెఱిగి మాటలాడుడు. ఓటును అమ్ముకొనిన తండ్రియొద్ద కుమారుడు ఏ చరిత్రపాఠమును నేర్చుకొనజాలడు. ఓల్డు సేరములోని కొలదిమంది ఓటర్లును తమ ఓటును తమ సొంత ఆస్తిగానే తలచిరి. మాంచెస్టరు మైదానమున నిలిచినవారు దానిని తమ బిడ్డలకొఱకు కోరిరి. ఆ యిరువురిలో ఎవరివలె దానిని వాడుకొందుమో మనలో ప్రతివాడును తన మనస్సులో నిర్ణయించుకొనవలసియున్నది.